వచ్చిన చేపలు, వెళ్ళిన చేపలు

ఎడంచేతి అమ్మాయి కట్టి వెళ్ళిన సంచీ పదకొండో రోజుకు కూడా మెత్తబడలేదు.

షెడ్డు తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది అది. మూడోవంతు నీళ్ళు, మిగతా అంతా గాలి, మెడకు రెండు రబ్బరు బ్యాండ్లు. లోపల చేపలు లేవు. ముడి నిలుస్తుందో జారుతుందో చూద్దామని కట్టించిన సంచీ. జారే ముడైతే రెండో రోజుకే మెత్తబడి, నాలుగో రోజుకు పళ్ళూడిన బుగ్గలా లోపలికి పోవాలి. ఇది మాత్రం బొటనవేలితో నొక్కితే వేలినే వెనక్కి తోసింది. పెద్దక్క ఇంకోసారి నొక్కింది. మళ్ళీ తోసింది.

"దీని దుంప తెగ" అనుకుంది పెద్దక్క.

రోజూ ఆ తలుపులోంచే లోపలికి వస్తుంది, ఆ తలుపులోంచే బయటికి వెళ్తుంది. పదకొండు రోజులుగా సంచీ భుజానికి తగులుతూనే ఉన్నా తలెత్తి చూసిన పాపాన పోలేదు. పరీక్ష పెట్టిందీ తనే, పరీక్ష పూర్తికాకముందే ఫలితం చెప్పేసిందీ తనే. "ముడి జారుతోంది సార్. ఆ పిల్ల చెయ్యి తిరగడమే తిరకాసుగా తిరుగుతుంది" అని యజమానితో అంది. ఆ ఒక్క మాట మీద ఆ సాయంత్రమే ఆ అమ్మాయిని పనిలోంచి తీసేశారు.  ఆ అమ్మాయి గోడకున్న చెంబు తీసుకుని చేతులు కడుక్కుంది, ముంజేతికి ఉన్న రబ్బరు బ్యాండ్లు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది, వెళ్ళిపోయింది.

అది రంగు చేపలను పెంచి, సంచుల్లో కట్టి, విమానాల మీద ఊళ్ళకు పంపే షెడ్డు. ఆరు వరసల గాజు తొట్లు, చివర కట్టుడు బల్ల, బల్ల పక్కన మనిషెత్తు ఆక్సిజన్ సిలిండరు. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్లకు పెద్ద పెద్దక్కే. పంపబోయే చేపలను రెండు రోజులు పస్తుంచాలి, లేకపోతే దారిలో నీళ్ళు పాడుచేసుకుని ఆ నీళ్ళలోనే చస్తాయి. సంచీలో నీళ్ళు పోసి, చేపలు లెక్కపెట్టి వదిలి, లోపలి గాలంతా పిండేసి, ఆక్సిజన్ పట్టి, మెడ మెలిపెట్టి బ్యాండు వెయ్యాలి. ఆ మెలి అందరి చేతుల్లోనూ కుడివైపుకు తిరుగుతుంది. ఆ అమ్మాయి చేతిలో ఎడమవైపుకు తిరిగేది. చేరిన పూటే ఎడంచెయ్యి అని పేరు పెట్టేశారు.

పెద్దక్కకు పెట్టిన పేరు గడియారం. బయటి ఊరి నుంచి వచ్చిన పెట్టె తెరిచి, చేపల మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో, తోక రంగు ఎంత వెలిసిందో, నీళ్ళ మీద నురగ ఎంత కట్టిందో చూసి, ఇది కట్టి ఇరవయ్యారు గంటలైంది అని చెప్పేసేది. కాగితాలు తిప్పి చూస్తే అరగంట అటూ ఇటూ, అంతే. గుమాస్తా మొదట్లో పందేలు కాశాడు. టీలు పోయించీ పోయించీ విసుగొచ్చి మానుకున్నాడు.

కట్టుడు బల్ల ఎదురుగా గోడ మీద నల్లబోర్డు ఉంది. షెడ్డులో ఏ ఊరికీ అసలు పేరు వాడరు, ఆ పేర్లు ఎవరికీ నోరు తిరగవు. రేవు ఊరు, ఇసుక ఊరు, మంచు ఊరు, ఇలా పెట్టుకున్నారు. ఊరి పక్కన ఒక అంకె: ఇక్కడ సంచీ కట్టిన దగ్గర్నుంచి అక్కడ విప్పేదాకా పట్టే గంటలు. ఆ గంటలను బట్టే సంచీకి ఎన్ని చేపలు, ఎంత గాలి. మంచు ఊరి పక్కన ముప్పై అని ఉంది. అది పెద్దక్క రాసిందే. మంచు ఊరి నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు తల్లిచేపలు వస్తాయి. ఎప్పుడు తెరిచి చూసినా అవి ముప్పై గంటల చేపలే. అందుకని ఈ చలికాలం మొదట్లో ఆ ఊరికే చేపలు పంపే బేరం కుదిరినప్పుడు, రెండో ఆలోచన లేకుండా చాక్‌పీసు తీసుకుని ముప్పై వేసింది. ముప్పై గంటలకు సంచీకి నలభై చేపలు. కుదురుగా పనిచేస్తుందని ఆ ఊరి పెట్టెలన్నీ ఎడంచేతి అమ్మాయికే అప్పజెప్పింది. మొదటిసారి వెళ్ళినవి నీరసంగా ఉన్నాయన్నారు. రెండోసారి సగం చచ్చిపోయాయి. మూడోసారి మాటలు కూడా లేవు, ఫోటో వచ్చింది. పెట్టె నిండా వెల్లకిలా తేలిన చేపలు, ప్రతి సంచీ మెడ మీదా ఎడమవైపు మెలి. ఇంకేం సాక్ష్యం కావాలి?

"గుమాస్తాగారూ, ఆ ఫోటో ఓసారి చూపిస్తారా?" అంది పెద్దక్క, సంచీ దగ్గర్నుంచి నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి.

అయిపోయిన గొడవ మళ్ళీ ఎందుకు తవ్వుతావని ఆయన విసుక్కున్నాడు గానీ, ఫోన్ తీసి చూపించాడు. పెద్దక్క తడి వేలిని చీరకు తుడుచుకుని బొమ్మను పెద్దది చేసింది. ఆరోజు అందరూ చేపలనే చూశారు. ఇప్పుడు సంచులను చూసింది. దిండ్లలా బిర్రుగా నిలబడి ఉన్నాయి, ఒక్కటి కూడా వాలలేదు. ముడి జారిన సంచీ అలా నిలబడమంటే నిలబడదు. ఆ సంగతి ఈ షెడ్డులో తనకంటే బాగా ఎవరికి తెలుసు? గాలి బయటికి పోలేదు. గాలి చాల్లేదు.

ముప్పై గంటలకని పట్టిన గాలి ముప్పై గంటలకు ఎందుకు చాల్లేదు? ఆ ప్రశ్న పొద్దుటి నుంచి పెద్దక్క బుర్రలో కూర్చుని లేవనంది. మూడుసార్లు చేపలు లెక్క తప్పింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడైనా తప్పిందా అంటే లేదు. చివరికి చేతిలో వల పక్కన పెట్టేసి మళ్ళీ గుమాస్తా బల్ల ముందు నిలబడింది.

మంచు ఊరు ఎంత దూరమని అడిగింది. పన్నెండు వేల కిలోమీటర్లన్నాడాయన. విమానం ఎన్ని గంటలు ఎగురుతుందని అడిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం చూసి, పొద్దున పదింటికి ఎక్కుతుంది, సాయంత్రం నాలుగున్నరకు దిగుతుంది, ఆరున్నర గంటలన్నాడు. మరి వచ్చేటప్పుడో అంది. ఆయన ఇంకో కాగితం తీశాడు. అక్కడ రాత్రి ఎనిమిదింటికి ఎక్కి, ఇక్కడ మర్నాడు రాత్రి ఎనిమిదింటికి దిగుతుంది, కాబట్టి ఇరవై నాలుగు.

"పోవడానికి ఆరున్నర, రావడానికి ఇరవై నాలుగా? తిరుగుప్రయాణంలో మీ విమానానికి కాళ్ళనొప్పులు గానీ వస్తాయా?"

బల్ల దగ్గర ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. గుమాస్తా తల గోక్కున్నాడు. అక్కడి గడియారం వేరు, ఇక్కడి గడియారం వేరు, రెంటికీ తేడా తీసెయ్యాలన్నాడు. ఎంత తీసెయ్యాలంటే మాత్రం నీళ్ళు నమిలాడు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఈయన లెక్కలు ఇలా ఉండబట్టే పెద్దక్క ఏనాడూ కాగితాలను నమ్మలేదు. చేపలనే నమ్మింది. కాగితం అబద్ధమాడొచ్చు గానీ, మొప్పలు ఆడవు.

"ఇవాళ ఇసుక ఊరి పెట్టెలతో వ్యానులో నేనూ వెళ్తాను" అంది.

ఆయన కళ్ళజోడు మీదుగా చూశాడు. షెడ్డు కప్పు మీద నుంచి రోజూ విమానాలు పోతాయి, తొట్లలో నీళ్ళు వణుకుతాయి. అయినా ఇన్నేళ్ళలో పెద్దక్క ఒక్కసారి కూడా విమానాశ్రయం గేటు దాటింది లేదు. సంచీ కట్టడం వరకే తన పని అనుకుంది.

*

సరుకు ఆఫీసులో పెద్ద తూకం, తూకం పక్కన ఒక చెక్క కౌంటరు, కౌంటరు వెనక ఒకామె. నలభై ఏళ్ళుంటాయి, పక్కన బిస్కట్ల పొట్లం, ముందర కంప్యూటరు. కౌంటరు మీద సొట్టలు పడ్డ చిన్న గ్లోబు ఉంది, ఎవరో ఎప్పుడో ఇచ్చిన కానుక కాబోలు. దాని మీద పడ్డ దుమ్ము చూస్తే ఎవరూ తిప్పుతున్నట్టు లేదు.

వ్యాను డ్రైవరు పెట్టెలు తూకం వేయిస్తుంటే పెద్దక్క కౌంటరు దగ్గరికి వెళ్ళి, తనెవరో, ఏ షెడ్డో చెప్పింది. మంచు ఊరెక్కడో చూపించమని అడిగింది. కౌంటరామె బిస్కట్టు పక్కన పెట్టి, గ్లోబు తిప్పి, మనమిక్కడ, అదక్కడ అని రెండు చోట్ల గోరు ఆనించింది. పెద్దక్క ఆ రెండు చోట్లనూ తేరిపార చూసింది. తర్వాత అలవాటు కొద్దీ ముంజేతి నుంచి రబ్బరు బ్యాండు ఒకటి లాగింది.

ఒక కొసను ఒక ఊరి మీద బొటనవేలితో అదిమి, రెండో కొసను రెండో ఊరి మీద చూపుడువేలితో అదిమింది. బ్యాండు గ్లోబు నడుం చుట్టూ తిన్నగా నిలబడుతుందనుకుంది. అది జర్రున పైకి జారి, మంచు వేసిన తెల్లని నెత్తి పక్కగా వెళ్ళి కూర్చుంది. మళ్ళీ కిందికి లాగింది. మళ్ళీ జారింది.

"ఇదేంటమ్మా, పైపైకి పోతోంది?"

"అదే దారి" అంది కౌంటరామె నవ్వుతూ. "బంతి మీద దగ్గరి దారి అలాగే ఉంటుంది. విమానం కూడా దాదాపు మీ బ్యాండు పోయినట్టే పోతుంది."

పెద్దక్క ఇంకో నాలుగుసార్లు సాగదీసి వదిలింది. తమ షెడ్డు చేపలు ఆ తెల్లని చోటు మీదుగా పోతున్నాయన్నమాట. అందుకా ఆ ఊరి పెట్టెల్లో వేడి పొట్లాలు పెట్టమనేది? మూడుసార్లు పెట్టించింది, ఎందుకో ఒక్కసారీ అడగలేదు. చిన్నపిల్లలా ఒళ్ళంతా ఒక ఉత్సాహం పాకింది. వచ్చిన పని గుర్తొచ్చి బ్యాండును మళ్ళీ చేతికి వేసుకుంది.

"వెళ్ళినా ఇదే దారి, వచ్చినా ఇదే దారి. అవునా?"

అవునంది కౌంటరామె. కాస్త అటూ ఇటూ.

"అయితే వెళ్ళినా అన్ని గంటలే, వచ్చినా అన్ని గంటలే."

"ఆ, అదెలా? మన గడియారంతోనే చెప్తాను వినండి. రావడానికి పద్నాలుగు గంటలు. వెళ్ళడానికి పదహారున్నర."

కౌంటరామె గ్లోబు మీద అరచేతిని పడమటి నుంచి తూర్పుకు జరిపి చూపించింది. అంత ఎత్తున గాలి ఎప్పుడూ ఇలాగే వీస్తుందట, చలికాలంలో మరీ జోరుగా. వచ్చే విమానాన్ని వెనక నుంచి తోస్తుంది, వెళ్ళే విమానానికి ఎదురు తంతుంది. గాలీ ఎక్కువై, సరుకూ ఎక్కువైన రోజుల్లో ఇంధనం చాలక మధ్యలో ఇంకో ఊళ్ళో దిగి పోయించుకుని మరీ వెళ్తుందట. దిగడం, పోయించుకోవడం, మళ్ళీ ఎక్కడం, అంతా కలిపి మూడు గంటలు. పోయేటప్పుడే దిగుతుంది, వచ్చేటప్పుడు దిగాల్సిన పనే పడదు.

పెద్దక్క కొంగున ముడేసుకు వచ్చిన చీటీ విప్పింది. మూడుసార్లు పెట్టెలు పంపిన తేదీలు. కౌంటరామె కంప్యూటరులో చూసి చెప్పింది. మొదటిసారి ఎక్కడా దిగలేదు. రెండోసారి దిగింది. మూడోసారి కూడా దిగింది.

పెద్దక్క వేళ్ళు మడిచింది. ముప్పైకి రెండున్నర కలిపితే ముప్పై రెండున్నర, అప్పుడు చేపలు నీరసపడ్డాయి. దానికి మూడు కలిపితే ముప్పై అయిదున్నర, అప్పుడు చచ్చాయి. ఎంత చక్కగా కలిసిందంటే, ఒక్క క్షణం లెక్క కుదిరిందన్న సంతోషమే కలిగింది. మరుక్షణం ఆ అమ్మాయి ఒకప్పుడు అడిగిన మాట గుర్తొచ్చింది.

ఆ అమ్మాయి చేరిన వారంలో, బోర్డు చూస్తూ ముప్పై అని ఎలా తెలుసక్కా అని అడిగింది. చేపలే చెప్పాయి అంది తను, కాస్త గొప్పగానే. దానికి ఆ అమ్మాయి, "అవి వచ్చిన చేపలు కదక్కా. వెళ్ళిన చేపలు ఏం చెప్పాయి?" అంది. బల్ల చుట్టూ అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది తనే. ముందు ముడెయ్యడం నేర్చుకో, తర్వాత నాకు నేర్పుదువుగాని అంది కూడా. కౌంటరు చెక్కను రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది పెద్దక్క. ఇంత సిగ్గు ఆమె ఎప్పుడూ పడలేదు.

కౌంటరామె బిస్కట్ల పొట్లం ముందుకు జరిపింది. పెద్దక్క ఒకటి తీసుకుంది గానీ నోట పెట్టుకోలేకపోయింది.

*

ఇంటికొచ్చేసరికి భర్త డ్యూటీ దిగి, కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. వస్తూ వస్తూ బస్‌స్టాండు పక్క బేకరీలో రొట్టె పొట్లం తెచ్చాడు. పెద్దక్క టీ పెట్టి, రొట్టె విప్పబోయింది. పొట్లం మూతికి కట్టిన ప్లాస్టిక్ తీగ తిప్పితే వదులవ్వాల్సింది పోయి బిగుసుకుంది. మళ్ళీ తిప్పింది. ఇంకా బిగుసుకుంది. అటునుంచి ఇటు తిప్పితే ఇట్టే ఊడింది.

ఆ తీగను అరచేతిలో పెట్టుకుని చూసింది. తిరిగిన మెలి ఎడమవైపు. ఈ ఊళ్ళో అలా కట్టే చెయ్యి ఇంకోటి ఉంటుందా?

"ఆ బేకరీలో కొత్తగా ఎవరైనా చేరారా?"

ఎవరో ఒకమ్మాయి చేరింది, వారం పైనే అయింది, మాటా మంతీ లేదు, చెయ్యి మాత్రం చకచకా ఆడుతుందన్నాడు భర్త. పెద్దక్క నేల మీద కూలబడి జరిగిందంతా చెప్పింది. గ్లోబు సంగతి, గాలి సంగతి, మధ్యలో దిగే సంగతి. ఆయన టీలో రొట్టె ముంచుకుంటూ అంతా విన్నాడు.

"మా బస్సు కొండ కాలనీకి వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంట. దారి ఒకటే. ఎక్కుడు, దిగుడు. ఇది తెలుసుకోవడానికి విమానాల దాకా వెళ్ళాలా? నన్నడిగితే చెప్పనూ?"

పెద్దక్కకు ఒళ్ళు మండింది. మండినా, ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో ఉన్న మనిషిని అడగాలని ఎందుకు తోచలేదా అని కూడా అనిపించింది. ఆ పిల్లకు తోచింది, తనకు తోచలేదు.

రేపు అంకె మార్చేసి ఊరుకోమన్నాడు భర్త. ముప్పై ఎవరు రాశారని ఎవరడుగుతారు, చేపలు బతికితే చాలదా, ఈ వయసులో తప్పు చేశానని డప్పు వేసుకోవడం ఎందుకు? ఆయన మంచికే చెప్పాడు. పెద్దక్కకు కూడా ఆ మాట లోపల ఎక్కడో హాయిగానే తగిలింది. అందుకే టీ గ్లాసులు తీసుకుని లేచింది.

*

మర్నాడు మంచు ఊరి పెట్టెలు కట్టే రోజు. అందరికంటే ముందే వచ్చి, తడిగుడ్డతో ముప్పైని తుడిచి ముప్పై ఆరు అని రాసింది. సంచీకి నలభై బదులు ముప్పై చేపలే వేయించింది. గాలి ఇంకాస్త ఎక్కువ పట్టించింది. యజమాని అటుగా వచ్చి, బోర్డు చూసి, ఇదేమిటని అడిగాడు. చలి ముదిరింది కదా సార్, జాగ్రత్తకని అంది. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. అంత తేలిక. తుడిచిన గుడ్డ మీద అంటిన తెల్లపొడిని ఉతికేటప్పుడు మాత్రం పెద్దక్క చాలాసేపు ఉతికింది.

మేకు మీది సంచీని మాత్రం తియ్యబుద్ధి కాలేదు. లోపలికి వస్తూ ఒకసారి, బయటికి పోతూ ఒకసారి నొక్కి చూసేది. అది అలాగే ఉంది.

పెట్టెలు కట్టిన తర్వాత మూడో రోజు పొద్దున గుమాస్తా ఫోన్ పట్టుకుని బల్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. పెట్టెలన్నీ చేరాయట, ఒక్కటంటే ఒక్క చేప చావలేదట. వీడియో కూడా పంపారు. అందరూ తడి చేతులతోనే చుట్టూ మూగారు. నీలం తోకలు, ఎర్ర తోకలు అద్దం మీద తళతళలాడుతూ తిరుగుతున్నాయి. యజమాని తన గదిలోంచి బయటికొచ్చి అందరికీ టీ చెప్పాడు.

"చూశారా మరి? ఎడంచెయ్యి పోయింది, పీడా పోయింది" అన్నాడు గుమాస్తా.

అవునవునన్నారు అందరూ. ఆ చెయ్యే అంత, చూడగానే అనుకున్నాను అందొకామె. మన గడియారం ఉండబట్టి సరిపోయిందన్నాడు యజమాని. ఎవరో టీ గ్లాసు తెచ్చి పెద్దక్క చేతికిచ్చారు.

 తను అంకె మార్చి ఏం చేసింది? తప్పు దిద్దాననుకుంది. దిద్దలేదు, ఆ అమ్మాయి నెత్తిన దాన్ని ఇంకా గట్టిగా కూర్చోబెట్టింది. ఇంతకుముందు అనుమానం, ఇప్పుడు రుజువు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఈ షెడ్డు ఉన్నంతకాలం ఈ మాటే నిలిచిపోతుంది. గ్లాసును బల్ల మీద పెట్టింది.

"ముడి జారలేదు. అంకె తప్పు. ఆ అంకె నాది."

ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ మొదలుపెట్టి, మేకు మీది సంచీ దగ్గర్నుంచి కౌంటరామె చెప్పిన గాలి దాకా వరసగా చెప్పింది. వచ్చిన చేపలను చూసి వెళ్ళే గంటలు రాశానంది. యజమాని మధ్యలో ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళబోయాడు. తెలిసింది, సరిచేశావు, ఇక్కడితో వదిలెయ్యి, బయటికి పొక్కితే బేరాలు పోతాయని గొంతు తగ్గించి చెప్పాడు. పెద్దక్క కదలకుండా అక్కడే నిలబడి, చివరిదాకా చెప్పి ఊరుకుంది.  గుమాస్తా కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుస్తూ కూర్చున్నాడు.

"అయితే ఇప్పుడేమంటావు?" అన్నాడు యజమాని చివరికి.

"ఆ అమ్మాయిని పిలవాలి సార్."

ఆయన కాసేపు తొట్ల వైపు చూశాడు. తర్వాత, "మానిపించమన్నదీ నువ్వే. పిలుచుకునేదీ నువ్వే" అనేసి గదిలోకి వెళ్ళిపోయాడు.

*

మధ్యాహ్నం రద్దీ తగ్గాక బేకరీకి వెళ్ళింది. ఎడంచేతి అమ్మాయి పక్క వాకిట్లో బల్ల ముందు నిలబడి రొట్టెలు పొట్లాల్లో పెడుతోంది. పొట్లం ఎగరేసి తిప్పడం, తీగ చుట్టడం, పక్కకు జరపడం, అంతా ఒకే ఊపులో అయిపోతోంది. పెద్దక్కను చూసి చెయ్యి ఆపలేదు.

"రండి" అంది.

షెడ్డులో ఉన్నన్నాళ్ళూ నువ్వు అనేది. పెద్దక్క ఆ తేడా గమనించింది, మింగేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, సంచీ ఇంకా మెత్తబడలేదంది. ఏ సంచీ అని ఆ అమ్మాయి అడగలేదు.

"నాకు తెలుసు మెత్తబడదని."

"మరి ఆరోజు ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు?"

 పెద్దక్క చుట్టూ చూసి, బల్ల మీద చల్లారబెట్టిన బన్నుల్లోంచి గుండ్రంగా ఉన్నదొకటి తీసుకుంది. రబ్బరు బ్యాండు లాగి, మనం ఇక్కడ, మంచు ఊరు అక్కడ అని రెండు కొసలూ అదిమి పట్టుకుంది. బ్యాండు బన్ను నెత్తి మీదికి జారింది. ఎడంచేతి అమ్మాయి చెయ్యి మొదటిసారి ఆగింది. దగ్గరికొచ్చి వంగి చూసింది.

"అలా పైనుంచి పోతుందా?"

పోతుందంది పెద్దక్క. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, పద్నాలుగు గంటలు. వెళ్ళేటప్పుడు ఎదురు తంతుంది, పదహారున్నర. పైగా మధ్యలో దిగుతుంది. ఆ అమ్మాయి ఒక్కొక్కటే అడిగింది. మధ్యలో ఏ ఊళ్ళో దిగుతుంది, దిగినప్పుడు తలుపులు తెరుస్తారా, పెట్టెలకు చలి తగులుతుందా, ఎండాకాలంలో గాలి తగ్గితే అంకె మళ్ళీ మార్చాలా? సగం ప్రశ్నలకు పెద్దక్క దగ్గర జవాబుల్లేవు. కౌంటరామెను అడగాలంది. బన్ను మధ్యలో పెట్టుకుని ఇద్దరూ కాసేపు మిగతా సంగతంతా మరిచిపోయారు.

పెద్దక్కే ముందు తేరుకుంది.

"ఆ చేపలు వచ్చినవి కదక్కా అని నువ్వు అడిగావు. నేను నవ్వాను. తప్పు నాది. షెడ్డులో అందరి ముందూ చెప్పాను."

ఎడంచేతి అమ్మాయి బ్యాండు తీసి పెద్దక్క చేతిలో పెట్టింది. మళ్ళీ పొట్లం అందుకుంది.

"నేను లేనప్పుడు చెప్పారు."

"అవును."

"నన్ను అన్నది నేనున్నప్పుడే కదా. ఇది కూడా నేనున్నప్పుడే చెప్పండి. పనిలో చేరేదీ లేనిదీ తర్వాత చూద్దాం."

ఒకసారి చెప్పడానికే పెద్దక్క ప్రాణం పోయినంత పనైంది. మళ్ళీ మొదటి నుంచీ, అదీ ఈ అమ్మాయి కళ్ళెదుట. రేపు పొద్దున అంది. బన్నును నలిపేసినందుకు అదే కొనుక్కుని, నడుస్తూ తినేసింది.

*

మర్నాడు పొద్దున ఎడంచేతి అమ్మాయి వచ్చేసరికి అందరూ బల్ల దగ్గరే ఉన్నారు. ఆమె లోపలికి రాలేదు, తలుపు దగ్గరే ఆగింది. గుమాస్తా కాగితాల్లోకి తల దూర్చాడు. యజమాని గది తలుపు ఓరగా తెరిచి ఉంది. పెద్దక్క చేతులు తుడుచుకుని వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఈ అమ్మాయి ముడి జారిందని నేను అన్నాను. చూడకుండా అన్నాను. ఇది కట్టి పదహారు రోజులైంది, మీరే చూడండి" అని మేకు మీది సంచీ తీసి బల్ల మీద పెట్టింది. "చచ్చిన చేపలన్నీ నా అంకెకు చచ్చాయి. ఈమె చేతికి కాదు."

ఒక్కొక్కరే వచ్చి వేలితో నొక్కి చూశారు. ఆ చెయ్యే అంత అన్న ఆవిడ రెండుసార్లు నొక్కి వెనక్కి జరిగింది. గుమాస్తా కూడా లేచి వచ్చాడు. చూడనివాళ్ళు లేరు.

విప్పమని పెద్దక్క సంచీని ఎడంచేతి అమ్మాయి వైపు జరిపింది. ఆమె దాన్ని తిరిగి పెద్దక్క వైపే జరిపింది.

"నువ్వే విప్పక్కా."

పెద్దక్క బ్యాండ్లు తీసి మెలి తిప్పింది. ఇరవై రెండేళ్ళ అలవాటు, చెయ్యి తప్పువైపుకే తిరిగింది. మెలి ఇంకా బిగిసింది. "అటు కాదు, ఇటు" అని ఎడంచేతి అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుని రెండో వైపుకు తిప్పింది. పదహారు రోజుల గాలి బుస్సుమంటూ బయటికొచ్చింది. ఆ చప్పుడు బల్ల దగ్గరున్న అందరికీ వినబడింది.